నాలుగు వేల పాదాలు

మారిన మనసులను లెక్కపెట్టడం కష్టం. ఆదివారం మారినవాడు బుధవారానికి మళ్ళీ మామూలైపోతాడు. కాళ్ళు అట్లా కాదు. కడిగితే కడిగినట్టే. మనిషికి రెండుంటాయి. ఎప్పుడంటే అప్పుడు లెక్కకు దొరుకుతాయి. ఈ సత్యం బోధపడిన రోజున పాద పరిచర్య సమాఖ్య పుట్టింది.

బోధపడింది ఎలీషారత్నం గారికి. ఆయనే సమాఖ్యకు డైరెక్టరు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు గనుక మనమూ కడగాలన్నది పల్లెలో ముసలమ్మలకు కూడా తెలిసిన మాటే. గుడ్ ఫ్రైడే వచ్చే శ్రమల వారంలో ఒక సాయంత్రం ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. డైరెక్టరు గారు ఆ ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని ఏడాది పొడుగునా సాగదీశారు. దానికొక కరదీపిక రాశారు. నలభై రెండు నియమాలు. ఒక ఫారం అచ్చు వేయించారు. ఎడమ పాదానికొక గడి, కుడి పాదానికొక గడి. కొన్నాళ్ళకు మన దేశం చాల్లేదు. విదేశీ పాదాలు కావలసివచ్చాయి.

ఈ గొడవలోకి జకరయ్య ఎట్లా వచ్చి పడ్డాడంటే, పెళ్ళాం చచ్చిపోయి వచ్చి పడ్డాడు.

జకరయ్య బోరింగు మెకానిక్కు. ముప్పై ఒక్కేళ్ళు మండలంలో బోరింగులు బాగుచేసి రిటైరయ్యాడు. చదువు ఏడో తరగతి, ఊళ్ళో బడి. భార్య సలోమికి ఆ చదువూ లేదు. పద్దెనిమిదేళ్ళ పాటు ఆమె ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి రేకు డబ్బాలో వేసింది. నెలకోసారి ఆ డబ్బా చర్చికి పోయేది. ఆ బియ్యంతో దూరదేశాల్లో సేవ జరుగుతుందని చెప్పారు. బియ్యం వేసినవాళ్ళ పేర్లు చీటీలు రాసి తీస్తే ఈ ఏడు సలోమి పేరొచ్చింది. విదేశీ యాత్ర. పైగా సమాఖ్య ఆఫీసు గోడకు పెట్టే నల్లరాతి మీద పేరు కూడా చెక్కిస్తామన్నారు. ఆ కబురు విని ఆమె డయాలసిస్ మంచం మీద పడుకునే నవ్వింది. రెండు నెలలకు పోయింది.

సమాఖ్య కమిటీ కూర్చుని, 'సీటు వృథా కారాదు' అని తీర్మానించి, మొగుణ్ణి పిలిపించింది.

"నాకు కాళ్ళు కడగటం రాదండీ," అన్నాడు జకరయ్య.

"రాని యెడల నేర్పెదము. శిక్షణ యున్నది," అన్నారు డైరెక్టరు గారు. ఆయన కమిటీలో కూర్చుంటే భాష కూడా కోటు వేసుకునేది. "నీవు వెళ్ళని యెడల సీటు రద్దగును. సీటు రద్దయిన యెడల రాతి మీద పేరును రద్దగును. ఇది నా మాట కాదు సహోదరా. ఇరవై మూడవ నియమము."

"సచ్చిపోయిన మనిషి పేరు తీసేస్తారా?"

"మేము తీయము. నియమము తీయును."

జకరయ్య బయలుదేరాడు.

శిక్షణ వారం రోజులు. కుర్చీలో ఒకరు, కింద ఒకరు. పాదానికి మూడు చెంబుల నీళ్ళు. మొదటి చెంబు పశ్చాత్తాపానికి, రెండోది క్షమాపణకు, మూడోది ఫొటోకు. తుడిచేటప్పుడు తల నలభై ఐదు డిగ్రీలు వంచాలి. ఎక్కువ వంచితే మొహం ఫొటోలో పడదు. తక్కువ వంచితే దీనత్వం పడదు. జకరయ్య అర మార్కుతో గట్టెక్కాడు.

పరీక్ష అయ్యాక డైరెక్టరు గారి చూపు అతని చెప్పుల మీద పడింది. దళసరి తోలు చెప్పులు. జకరయ్య తన చేత్తో కోసి కుట్టుకున్నవి.

"అందరికిని తెల్ల కాన్వాసు బూట్లు ఇచ్చి యున్నాము గదా సహోదరా. ఈ తోలుపని జ్ఞాపకాలు మనకెందుకు?"

"జ్ఞాపకాలు కాదండీ. చెప్పులు."

జకరయ్య తాత మోట బావులకు తోలు బానలు కుట్టినవాడు. డైరెక్టరు గారి తాత కూడా అదే పల్లెలో, అదే తొట్టి దగ్గర, అదే తోలు నానబెట్టినవాడు. ఆ సంగతి జకరయ్యకు గుర్తుంది. డైరెక్టరు గారు మర్చిపోయి నలభై ఏళ్ళయింది. ఆ మరుపు మీదే ఆయన కోటు నిలబడి ఉంది.

జకరయ్య బూట్లు పెట్టెలో పెట్టాడు. చెప్పులు తొడుక్కునే విమానం ఎక్కాడు.

వెళ్ళిన దేశం ఆఫ్రికాలో ఉంది. పేరు చెబితే వాళ్ళకేం సిగ్గు లేదు. మనకే సిగ్గు. అందుకని వద్దు. ఊరి పేరు చిలెంబా. ఎర్రమట్టి నేల, గడ్డి కప్పిన ఇళ్ళు, మధ్యలో ఇటుకల చర్చి. ఆ చర్చి జకరయ్య ఊరి చర్చి కంటే నలభై ఏళ్ళు పెద్దది. వాళ్ళకు సువార్త చెప్పేందుకు కొత్తగా ఏమీ మిగల్లేదు. కాళ్ళు మాత్రం ఉన్నాయి.

యాత్రికులు ఎనిమిది మంది. పది రోజులు. మనిషికి రోజుకు యాభై పాదాలు. వెరసి నాలుగు వేలు. ఊరి జనాభా మూడు వందల పన్నెండు. ఒకాయనకు ఒక్కటే కాలు. అంటే ఊళ్ళో ఉన్న పాదాలు ఆరు వందల ఇరవై మూడు. కాబట్టి ఒక్కో పాదాన్ని ఆరేడుసార్లు కడగాలి. ఈ లెక్క తేల్చింది సిస్టర్ హెప్సీబా. ఆమె సమాఖ్యలో పాద నమోదు అధికారిణి. చంకలో ఫారాల కట్ట, మెడలో ఈల.

చర్చి ముందు ఒక బోరింగు ఉంది. జకరయ్య బస్సు దిగుతూనే దాన్ని చూశాడు. ఆ మూతి, ఆ హ్యాండిలు, ఆ మూడు కాళ్ళ పీట. మన దగ్గరి రకమే. మన దేశం నుంచి వెళ్ళిందే. పరాయి ఊళ్ళో సొంత మేనల్లుడు ఎదురైనట్టయింది. వెళ్ళి హ్యాండిలు కొట్టాడు. కిర్రుమంది. నీళ్ళు రాలేదు. చేతికి బరువు తగల్లేదు. దూదిలాగా ఆడింది.

"వాషర్లు పోయినయ్," అన్నాడు తనలో తను.

"ఏడు నెలలైంది బాబాయ్," అన్నారెవరో వెనక నుంచి. తెలుగులో.

జకరయ్య అదిరిపడి తిరిగాడు. ఆరడుగుల మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆ ఊరి పాస్టరు ఫిరి. గుంటూరులో నాలుగేళ్ళు వ్యవసాయం చదివాడట. తెలుగు హాస్టలు మెస్సులో నేర్చుకున్నాడు. అందువల్ల ఆయనకు ఒకటే పిలుపు వచ్చు. డైరెక్టరు గారిని కూడా బాబాయ్ అనే పిలిచాడు. డైరెక్టరు గారు వినబడనట్టు ఆకాశం చూశారు.

"రెంచీలున్నాయి, క్లాంపులున్నాయి, తాళ్ళున్నాయి. అంతా పెట్టెలో ఉంది. వాషర్లు లేవు," అన్నాడు ఫిరి. "రాజధానికి ఉత్తరం రాశాం. పంపిస్తాం అన్నారు. మళ్ళీ రాశాం. మళ్ళీ పంపిస్తాం అన్నారు. చాలా మర్యాద మనుషులు."

"మరి నీళ్ళు?"

"వాగు. పోను గంటన్నర, రాను గంటన్నర."

అప్పుడే ఒక ముసలావిడ నెత్తి మీద బక్కెట్టుతో చర్చి పక్క నుంచి వచ్చింది. మోకాళ్ళు రెండూ బయటికి వంగిపోయి ఉన్నాయి. ఆగి, బక్కెట్టు దించకుండానే, అతిథులకు నమస్కారం చేసింది. చుక్క ఒలకలేదు.

"మా అంబుయా. అంటే మీ భాషలో అవ్వ," అన్నాడు ఫిరి. "నాకూ అవ్వే, ఊరికీ అవ్వే. రోజుకు రెండుసార్లు పోతుంది. వద్దంటే తిడుతుంది."

జకరయ్య ఆమె మోకాళ్ళు చూశాడు. బోరింగు చూశాడు. గొట్టంలో నీళ్ళు కిందికి జారకుండా పట్టి పైకి నెట్టే తోలు బిళ్ళలు రెండు. గిన్నెలాగా వంచినవి. అంతే కావాల్సింది. అవి ఉంటే అరపూట పని. ఉండేది పది రోజులు.

అతను వెనక్కి తిరిగేసరికి సిస్టర్ హెప్సీబా బోరింగుకు బ్యానరు కట్టేసింది. హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరేసింది.

"బాగుచేస్తానండీ," అన్నాడు జకరయ్య డైరెక్టరు గారితో.

డైరెక్టరు గారు కరదీపిక తీశారు. "పధ్నాలుగవ నియమము. సేవకులు యంత్రములనుగాని పనిముట్లనుగాని మట్టినిగాని ముట్టరాదు. అవి లోక సంబంధమైన పనులు. మనము పనిచేయుటకు రాలేదు సహోదరా. సేవచేయుటకు వచ్చితిమి."

మర్నాడు పొద్దున సేవ మొదలైంది.

మొదలవగానే ఒక సంగతి బయటపడింది. కాళ్ళు కడగడానికి నీళ్ళు కావాలి. రోజుకు నాలుగు వందల పాదాలు, పాదానికి మూడు చెంబులు. ముప్పై బక్కెట్లు. డైరెక్టరు గారు ఊరి ఆడవాళ్ళను పిలిచి, వారికి జరగబోయే మేలు వివరించి, వాగుకు పంపారు. మోసుకురావటం సేవకుల పని కాదు. మోత కూడా పధ్నాలుగో నియమంలోకే వస్తుంది.

ఆడవాళ్ళు మూడు గంటలు నడిచి నీళ్ళు తెచ్చారు. ఆ నీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడిగారు. రేపటికి నీళ్ళు కావాలి గనుక వాళ్ళు మళ్ళీ వాగుకు పోయారు. మళ్ళీ ఎర్రమట్టి మోకాళ్ళదాకా పట్టింది. కడగడానికి సరిపడా మురికితో తిరిగొచ్చారు.

"చూచితిరా," అన్నారు డైరెక్టరు గారు పరవశంగా. "ఇచ్చట పాదములకు ఎంత అవసరత యున్నదో!"

మూడో రోజు ఒంటికాలాయన వరసలో వచ్చాడు. హెప్సీబా ఈల ఊదింది. సేవ ఆగింది. ఫారంలో రెండు గడులున్నాయి. ఒకటి ఖాళీగా వదిలితే ఫారం చెల్లదు. మనిషిని వెనక్కి పంపితే ప్రేమ చెల్లదు. కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. ముప్పావు గంట తర్వాత, ఉన్న కాలునే మొదట కుడివైపు నుంచి, తర్వాత ఎడమవైపు నుంచి కడగవలెనని తీర్మానం చేశారు. ఆయన ఓపిగ్గా కర్రకు ఆనుకుని అటూ ఇటూ తిరిగాడు.

ఆ సాయంత్రం అంబుయా జకరయ్య ముందు కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమె వాగుకు మూడోసారి పోయి వచ్చింది. అతను ఒక చెంబు పోశాడు. రెండోది పోయబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. నీళ్ళ వంక చూస్తూ ఏదో అంది.

"ఏమంటంది?" అన్నాడు జకరయ్య.

"తాగచ్చా అని అడుగుతోంది బాబాయ్," అన్నాడు ఫిరి.

జకరయ్య చెంబు ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగింది. హెప్సీబా వచ్చి ఆ చెంబును ఏ గడిలో వేయాలో తెలియక కాసేపు నిలబడింది.

నాలుగో రోజంతా జకరయ్య తోలు వెతికాడు. ఊళ్ళో మేకతోళ్ళున్నాయి. పల్చన, పనికిరావు. అప్పుడు డైరెక్టరు గారి బైబిలు గుర్తొచ్చింది. జిప్పు ఉన్న పెద్ద నల్ల తొడుగు. అసలు తోలని ఆయన సభల్లో చెప్పేవారు.

"పంపులోనా!" డైరెక్టరు గారు ఆ తొడుగును గుండెకు హత్తుకున్నారు. "సత్యవేదపు తొడుగును బోరింగులో వేయుదువా? నీకు భయము లేదా?"

జకరయ్య ముందుకు వంగి వాసన చూశాడు. గోటితో నొక్కాడు.

"ఇయ్యకపోయినా పర్లేదండీ. ఇది రెక్సిన్."

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు గానీ, ఒకళ్ళిద్దరు దగ్గారు. డైరెక్టరు గారు అది మర్చిపోలేదు. తాత సంగతి మర్చిపోగలిగిన మనిషే, ఇది మర్చిపోలేకపోయారు.

ఆ రాత్రి జకరయ్య తన చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి లెక్క కుదిరింది. వాషర్లు రెండు. చెప్పులూ రెండే.

ఐదో రోజు నుంచి అతను పాదానికి ఒక్క చెంబే పోశాడు. కావాలనే. మిగిలిన రెండు చెంబులు వాళ్ళ చేతికిచ్చి తాగమన్నాడు. మధ్యాహ్నానికి హెప్సీబా ఈల మోగింది. కమిటీ కూర్చుంది.

"పశ్చాత్తాపము మాత్రమే పోసి, క్షమాపణను ఫొటోను ఎగవేసితివి," అన్నారు డైరెక్టరు గారు. "ముప్పై ఒకటవ నియమము ప్రకారము రెండు దినములు నిన్ను తొలగించుచున్నాము. ఈ రెండు దినములు నీవు సేవకుడవు కావు. తెలిసినదా?"

"తెలిసిందండీ. సేవకుణ్ణి కాకపోతే పధ్నాలుగో నియమం నాకు తగలదు గదండీ?"

డైరెక్టరు గారు కరదీపిక ముందుకూ వెనక్కూ తిప్పారు. నలభై రెండు నియమాలూ సేవకుల కోసం రాసినవే. సేవకుడు కానివాణ్ణి ఆపే నియమం ఒక్కటీ లేదు.

జకరయ్య చెప్పులు విప్పి అడుగు తోలు ఊడదీశాడు. ఆ ఊళ్ళో అతను కాళ్ళు కడగటం కంటే ఆ పనినే జనం ఎక్కువ శ్రద్ధగా చూశారు. తోలును నానబెట్టాడు. రాతి మీద కొట్టి మెత్తబరిచాడు. గుండ్రంగా కోశాడు. రేకు గ్లాసు మూతికి ఆనించి, గుండ్రటి చెక్కతో లోపలికి అదిమి, బరువు పెట్టి వదిలేశాడు. తాత చేతులు ఎట్లా కదిలేవో అతని చేతులకు తెలుసు. ఆరో రోజు పొద్దుటికి రెండు తోలు గిన్నెలు తయారయ్యాయి. వాటికి పట్టించడానికి నూనె కావాలి. హెప్సీబా ఎవరూ చూడకుండా తన కొబ్బరినూనె సీసా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అదే మొదటిసారి, ఆమె ఈల లేకుండా నడిచింది.

ఫిరి, ఇంకో పదిమంది మగవాళ్ళు కలిసి పైపులు పైకి లాగారు. పదిహేను పైపులు. ఒక్కోటి లాగినప్పుడల్లా ఫిరి "అదిరింది బాబాయ్" అన్నాడు. అడుగున సిలిండరు బయటపడింది. పాత వాషర్లు చూపుడువేలు పెడితే చిరిగిపోయాయి. జకరయ్య కొత్తవి బిగించాడు. ఎడమ చెప్పుది పైన, కుడి చెప్పుది కింద. మళ్ళీ పదిహేను పైపులూ దిగాయి.

హ్యాండిలు అంబుయా చేతికిచ్చారు. ఆమె కొట్టింది. గాలి వచ్చింది. ఇంకా కొట్టింది. తుప్పు వచ్చింది. జకరయ్య హ్యాండిలు వంక చూడలేదు. నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్ళూ అట్లాగే నిలబడ్డాడు, బోరింగు మొదటి నీళ్ళు పోసేదాకా. నలభయ్యో దెబ్బకో ఎప్పుడో దబ్బున ధార పడింది.

ఎవరూ కేకలు వేయలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె బిందె కోసం ఇంటికి పరిగెత్తింది. తర్వాత అందరూ పరిగెత్తారు.

అంబుయా పరిగెత్తలేదు. దోసిలి పట్టి తాగింది. తర్వాత జకరయ్య కాళ్ళ వంక చూసింది. చెప్పుల్లేవు. ఎర్రమట్టి, గ్రీజు, ఒకచోట రక్తం. ఆమె అతన్ని పీట మీద కూర్చోబెట్టి, కిందకు వంగి, కడిగింది. తల ఎన్ని డిగ్రీలు వంచాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"వద్దు పెద్దమ్మా, వద్దు," అన్నాడు జకరయ్య. ఆమెకు తెలుగు రాదు.

హెప్సీబా ఫారం పట్టుకుని వచ్చింది. "అన్నా, ఇవి ఏ గడిలో వేయను?"

"నీ ఇష్టం చెల్లే."

ఆమె రెండు పాదాలు అని రాసింది. కడిగినవారి పేరు దగ్గర ఖాళీ వదిలింది.

మర్నాడు, అంటే ఏడో రోజు, సమాఖ్య మీద పిడుగు పడింది.

వరసలోకి వచ్చినవాళ్ళందరి కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. వాగుకు ఎవరూ పోలేదు. ఇళ్ళ దగ్గరే నీళ్ళున్నాయి. కొందరు స్నానం కూడా చేసి వచ్చారు. తొమ్మిదో నియమం స్పష్టంగా ఉంది: శుభ్రమైన పాదము లెక్కకు రాదు. అయినవి రెండు వేల మూడు వందల పది. ఇంకా పదహారు వందల తొంభై పాదాలు కావాలి. మూర్ఛ వచ్చినవాడిలాగా డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. తర్వాత లేచి కమిటీ కూర్చోబెట్టారు.

"ఈ గ్రామములో పరిచర్యకు ఆటంకము కలిగి యున్నది. ఆటంకమునకు మూలము నీళ్ళు," అని తీర్మానం చదివారు. "కాబట్టి పరిచర్య కాలము ముగియువరకు బోరింగును మూసియుంచవలెను. ప్రజలు పూర్వమువలె వాగునకు వెళ్ళవలెను."

తన సూట్‌కేసు గొలుసు, తాళం తెచ్చి హ్యాండిలుకు బిగించారు. ఇత్తడి తాళం. వేలెడంత. దాని ముందు ఊరు ఊరంతా నిలబడి చూసింది.

జకరయ్య రెంచి తీసుకుని లేచాడు. ఫిరి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఆగు బాబాయ్. కొట్లాట వద్దు. వీళ్ళు మా అతిథులు. అసలు వీళ్ళకి ఏం కావాలి?"

"మురికి కాళ్ళు."

"అంతేనా?"

"అంతే."

ఊరి పెద్దలు చర్చిలో కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివర అంబుయా మాట్లాడింది. అందరూ తలలూపారు. ఫిరి బయటికి వచ్చి జకరయ్యకు చెప్పాడు.

"అవ్వ ఏమందో తెలుసా? 'పాపం, ఇంత దూరం వచ్చారు. వాళ్ళకు ఇదేదో జబ్బు. కాళ్ళు దొరక్కపోతే దిగులుతో పోయేట్టున్నారు. క్రైస్తవులం, ఆ మాత్రం సాయం చేయకపోతే ఎట్లా?' అంది."

ఒప్పందం కుదిరింది. తాళం తీస్తే మురికి కాళ్ళు ఇస్తారు. బోరింగు నుంచి పారే నీళ్ళు పల్లంలో చేరి అప్పటికే చిన్న బురద మడుగైంది. ఊరు వరస కట్టింది. మడుగులో దిగటం, తొక్కటం, వచ్చి కుర్చీలో కూర్చోవటం, కడిగించుకోవటం, లేచి మళ్ళీ మడుగులో దిగటం. తిరునాళ్ళలో రంగులరాట్నంలాగా తిరిగింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఒంటికాలాయన మూడుసార్లు వచ్చాడు, కుడివైపు, ఎడమవైపు. అంబుయా నీడలో కూర్చుని, కడిగే యాత్రికులకు అలుపొచ్చినప్పుడల్లా మంచినీళ్ళు ఇప్పించింది. నాలుగు రోజుల పని రోజున్నరలో అయిపోయింది.

"ఎంత ఆకలి! ఎంత తృష్ణ!" అన్నారు డైరెక్టరు గారు. కళ్ళ వెంబడి నీళ్ళు. నిజం నీళ్ళే.

తిరిగి వచ్చిన మూడో ఆదివారం సమాఖ్య ఆఫీసులో విజయ కృతజ్ఞత కూడిక. గోడకు నల్లరాయి. దాని మీద తెర. డైరెక్టరు గారు నివేదిక చదివారు.

"ఏడు నెలలు నీరులేని ఆ గ్రామములో, మన సేవకులు పాదములు కడిగిన స్థలముననే జలధార ఉబికెను! దీనికి సాక్షి మన సహోదరుడు జకరయ్య. సాక్ష్యము చెప్పుటకు రమ్మని కోరుచున్నాము."

చప్పట్లు కొట్టారు. జకరయ్య లేచాడు. దారిలో డైరెక్టరు గారు మైకు చేత్తో మూసి, పల్లె భాషలోకి దిగారు. నలభై ఏళ్ళ తర్వాత.

"ఒరే జకరయ్యా, రెండు ముక్కలు చెప్పు చాలు. సలోమి పేరు చెక్కిచ్చా. మూడో వరసలో ఉంది. బాగా చెక్కాడు."

అప్పుడు తనిఖీ చేసే పెద్దాయన ఒకరు ముందు వరసలో నుంచి ఫారాల కట్ట ఎత్తి చూపించారు. "ఒక చిన్న సందేహము. లక్ష్యము నాలుగు వేలు. ఇక్కడ నాలుగు వేల రెండు యున్నవి. ఈ అదనపు రెండు పాదములు ఎవరివి? కడిగిన సేవకుని పేరు లేదే?"

"నాయండీ," అన్నాడు జకరయ్య మైకులో. "కడిగింది ఆ ఊరి అవ్వ."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని కిందకు చూశారు. "సహోదరా, ఇట్టి దినమున చెప్పులు లేకుండ వచ్చితివేమి? నీ చెప్పులు ఎచ్చట?"

జకరయ్య తెర వంక చూశాడు. మూడో వరస. ఆమెకు అక్షరం ముక్క రాదు. రాతి మీద తన పేరున్నా అది తన పేరని పోల్చుకోలేకపోయేది. నీళ్ళు వచ్చిన బోరింగును మాత్రం పోల్చుకునేది.

"బోరింగులో ఉన్నాయండీ," అన్నాడు. "నూటయాభై అడుగుల కింద. నీళ్ళు తోడుతున్నాయి."

అంతే చెప్పి దిగి వచ్చాడు. మిగతాది హెప్సీబా లేచి చెప్పింది. తోలు దగ్గర్నుంచి తాళం దాకా. ఆ రోజుతో ఆమె ఉద్యోగం పోయింది.

తెర తీయడం వారం వాయిదా పడింది. ఆ వారంలో రాళ్ళు చెక్కేవాడొచ్చి మూడో వరసలో సిమెంటు పూశాడు. కరదీపికలో నలభై మూడో నియమం చేరింది: సేవకులు తోలు చెప్పులు ధరించి యాత్రకు రారాదు. నివేదికలో జలధార అట్లాగే ఉంది.

జకరయ్య సమాఖ్య గడప మళ్ళీ తొక్కలేదు. ఫిరి అప్పుడప్పుడు ఫోను చేస్తాడు.

"బాబాయ్, వాషర్లు ఎన్నాళ్ళొస్తాయి?"

"ఎనిమిది నెలలు. నువ్వు రాజధానికి రాయటం ఆపబాక. వాళ్ళు పంపబోరు గానీ, రాయి. నేను పంపిస్తా."

సలోమి పోయినా అతను ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీయటం మానలేదు. చెయ్యి అలవాటు. ఆ డబ్బా ఇప్పుడు చర్చికి పోదు. నెల తిరిగేసరికి సంతలో తోలు అమ్మే ముసలాయన దగ్గరికి పోతుంది. ఆయనకు బియ్యం కావాలి, ఇతనికి తోలు కావాలి. జకరయ్య వసారాలో కూర్చుని తోలు నానబెట్టి, కోసి, గ్లాసు మూతిలో అదుముతాడు.

చెప్పులు మాత్రం ఇంకా కుట్టుకోలేదు. ముందు ఆ రెండు వాషర్లూ కావాలి.